ఏఐ గీసిన హీరో ఫ్రేము ఫ్రేముకీ మారిపోతున్నాడు, దారేమైనా ఉందా?

గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గొడాట్ 4లో ఒక్కడినే చిన్న 2డీ గేమ్ చేస్తున్నాను, తోలుబొమ్మల తరహాలో. కోడ్ ఎలాగోలా నెట్టుకొస్తున్నా: ఏఐ ఇప్పటికీ గొడాట్ 3 నాటి పాత పేర్లు కైనమాటిక్‌బాడీ2డీ, యీల్డ్ రాసిస్తుంది, వాటిని గొడాట్ 4 పేర్లు క్యారెక్టర్‌బాడీ2డీ, అవెయిట్ అని నేనే మార్చుకుంటాను. అసలు తంటా బొమ్మలతోనే. నడకకు ఎనిమిది ఫ్రేములు అడిగితే ఒకదాంట్లో తలపాగా రంగు మారుతుంది, ఇంకోదాంట్లో మీసమే మాయం! ఒకే బొమ్మ తీసుకుని, కాళ్లూ చేతులూ కీళ్ల దగ్గర విడగొట్టి గొడాట్‌లో బొమ్మకు ఎముకల గూడులా పనిచేసే స్కెలిటన్2డీతో ఆడిస్తే (తోలుబొమ్మలదీ అదే పద్ధతి కదా) సరిపోతుందా? లేక ఆర్టిస్టుకు డబ్బులిచ్చి గీయించుకోవడమే నయమా?

ఇంకోటి, 2024 నుంచి గేములు అమ్మే స్టీమ్‌లో ఏఐ బొమ్మలు వాడిన సంగతి చెప్పాల్సిందే కదా. అది చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతున్నారా? గేమ్ విడుదల చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.