హిప్ స్టెమ్ డిజైన్‌కి సగటు తొడ ఎముక తీసుకుంటే సరిపోదా?

మెకానికల్_ఫైనలియర్:
ప్రాజెక్ట్‌కి సిమెంట్ లేకుండా బిగించే హిప్ స్టెమ్ (తుంటి కీలు మార్చేటప్పుడు తొడ ఎముక లోపలికి దించే కాడ) డిజైన్ చేస్తున్నా. కొన్ని తొడ ఎముకల సీటీ స్కాన్లు ఉన్నాయి, అన్నీ కలిపి ఒక సగటు ఎముక చేసి, దాని లోపల పట్టేలా స్టెమ్ గీసి, ఆ తర్వాత చిన్నా పెద్దా సైజులకి స్కేల్ చేసేద్దామనుకున్నా, మా గైడేమో అలా కుదరదు అంటున్నారు. ఎక్కడ తేడా కొడుతుందో కాస్త చెప్పండి.

ఇంప్లాంట్_డిజైనర్:
మీ గైడ్ చెప్పింది కరెక్టే అండి. ఎముక పెద్దదైతే లోపలి కెనాల్ (ఎముక మధ్యలో ఉండే బోలు) కూడా అదే లెక్కన పెరుగుతుందని లేదు. ఫిలిప్ నోబుల్ వాళ్ళు 1988లోనే 200 తొడ ఎముకలు కొలిచి ఇది చూపించారు. లెస్సర్ ట్రోకాంటర్‌కి (తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు ఉండే చిన్న బొడిపె) 20 మి.మీ. పైన కెనాల్ వెడల్పుని, కింద అన్నిటికన్నా ఇరుకైన చోట వెడల్పుతో భాగించండి. 3 లోపు వస్తే నిలువు గొట్టం, 4.7 దాటితే గరాటు అనుకోండి. ఇప్పుడు రెండు ఎముకలు తీసుకుందాం, రెండిటికీ పైన 45 మి.మీ., కింద మాత్రం ఒకదానికి 9, ఇంకోదానికి 16. ఒకే స్టెమ్ వేస్తే మొదటిదాంట్లో కింద ముందే ఇరుక్కుపోయి పైన పట్టు దొరకదు, బరువంతా కిందకే దిగిపోయి పైన ఎముకకి పని లేక పలచబడుతుంది. రెండోదాంట్లో కింది కొస ఖాళీలో ఉండిపోతుంది, అప్పుడు నిలబడాలంటే పట్టంతా పైనే దొరకాలి. స్టెమ్ కదలిక ఓ 150 మైక్రాన్లు దాటిందంటే ఎముక అతుక్కోదు, మధ్యలో పీచు పొర పెరుగుతుంది. అందుకే సగటు ఒక్కటే కాదు, తేడాలు ఏ దిక్కున ఉన్నాయో చూడాలి. అన్ని ఎముకల మీదా ఒకే చోట్ల పాయింట్లు పెట్టి పీసీఏ (తేడాలని పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా మోడ్లుగా విడదీసే గణాంక పద్ధతి) చేయండి, మొదటి మోడ్‌లో ఎక్కువగా సైజే వస్తుంది, అసలు సంగతి తర్వాతి మోడ్లలో ఉంటుంది.

ఆర్థో_రెసిడెంట్:
కెనాల్ ఒక్కటే చూసి ఆగిపోకండి ప్లీజ్. ఆఫ్‌సెట్ (తొడ ఎముక నడిగీత నుంచి కీలు బంతి మధ్యకి పక్కగా ఉండే దూరం) తగ్గితే పక్క కండరాలు వదులై పేషెంట్ కుంటుతూ నడుస్తారు, కీలు జారే రిస్క్ కూడా పెరుగుతుంది. అది సరిచేద్దామని బంతిని స్టెమ్‌కి కలిపే మెడ పొడవుది వేస్తే కాలు పొడుగైపోతుంది. అందుకే ఒకే స్టెమ్ సైజుకి మామూలు ఆఫ్‌సెట్, హై ఆఫ్‌సెట్ అని రెండు రకాలు ఉంటాయి.
ఇంకోటి, మీ స్కాన్లు ఎవరివి? యాక్సిడెంట్ అయిన కుర్రాళ్ళవే అయితే జాగ్రత్త. వయసు మీద పడేకొద్దీ, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఎముక గోడ పలచబడి కెనాల్ వెడల్పవుతుంది, ఆపరేషన్‌కి ఎక్కువగా వచ్చేది ఆ వయసువాళ్ళే కదా. మరీ పలచగా ఉంటే చాలామంది సర్జన్లు సిమెంట్‌కే వెళ్తారు.

మెకానికల్_ఫైనలియర్:
థాంక్సండి ఇద్దరికీ. స్కాన్లలో వయసు వివరాలున్నాయి, ముందు అవి విడదీస్తా. మోడల్‌లో కలపకుండా కొన్ని ఎముకలు పక్కన పెట్టి ఫిట్ చెక్ చేస్తే సరిపోతుందా?

ఇంప్లాంట్_డిజైనర్:
అలాగే చేయండి, కాకపోతే పక్కన పెట్టేవాటిలో గరాటువీ గొట్టంవీ రెండూ ఉండేలా చూసుకోండి. మధ్యరకం ఎముకల్లో ఏ స్టెమ్ పెట్టినా బాగానే కనిపిస్తుంది.