పుడ్డింగ్ అంటే స్వీటేనా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చి మూడు వారాలైంది. మాంసం ముట్టను, గుడ్డు తింటాను. మా టీం లీడ్ ఈ ఆదివారం వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నారు. "యార్క్‌షైర్ పుడ్డింగ్ ఎలాగూ ఉంటుంది, మరి పుడ్డింగ్‌కి ఏం చెయ్యమంటావు?" అని అడిగారు. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నా. నిన్న క్యాంటీన్‌లో పొద్దున టిఫిన్ల దగ్గర బ్లాక్ పుడ్డింగ్ అని బోర్డు కనిపించింది. చూడ్డానికి చాక్లెట్ కేకులా ఉంది. తీసుకోబోయి ఎందుకో ఆగాను. ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఒక అక్క:

తమ్ముడూ, ఆగి మంచి పని చేశావు. నేను ఆగలేదు. వచ్చిన కొత్తలో ఒక హోటల్లో పొద్దున్నే రెండు ముక్కలు ప్లేట్లో వేసుకున్నా. గుండ్రంగా, నల్లగా, అంచులు కరకరలాడేలా వేయించి ఉన్నాయి. మధ్యలో తెల్లటి పలుకులు కనిపిస్తే కొబ్బరేమో అనుకున్నా. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా, మిరియాల ఘాటు! వడ్డించేవాడిని అడిగితే పంది రక్తం, ఓట్స్ అన్నాడు తాపీగా. ఆ తెల్లవి కొవ్వు పలుకులు. ఆ రోజు ఎన్నిసార్లు నోరు పుక్కిలించానో లెక్కలేదు.

తప్పు వాడిది కాదులే. ఆ మాటకి పాత అర్థమే అది. పేగులోనో పొట్టసంచిలోనో రక్తం, కొవ్వు, గింజలు కూరి ఉడకబెట్టేదాన్ని పుడ్డింగ్ అనేవాళ్ళు. 17వ శతాబ్దానికి పేగుకి బదులు గుడ్డలో మూటకట్టి ఉడకబెట్టడం బాగా వాడుకలోకొచ్చింది. ఇక మూటలో ఏదైనా కట్టొచ్చు కదా, పిండి, ఎండు పళ్ళు, పంచదార చేరాయి. పేగు పోయింది కానీ పేరూ కొవ్వూ పోలేదు. మనలాంటి వాళ్ళకి చిక్కంతా ఆ కొవ్వుతోనే.

ఇప్పుడు నీ ఆదివారం సంగతి. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో తీపి ఉండదు. మైదా, గుడ్లు, పాలు జారుగా కలిపి, ట్రేలో పొగలొచ్చేలా కాగిన కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే చుట్టూ గోడలు లేచి గిన్నెలా పొంగుతుంది. అందులో గ్రేవీ పోసుకుని తింటారు. పిండిలో నువ్వు తినకూడనిది ఏదీ లేదు, అడగాల్సింది ఆ కాగే కొవ్వు గురించి. పాత పద్ధతిలో అది కాలుతున్న మాంసం నుంచి కారే డ్రిప్పింగ్. 1747లో హనా గ్లాస్ రాసిన వంటల పుస్తకంలో కూడా ట్రేని మాంసం కిందే పెట్టి, కారేది దాని మీద పడనివ్వమని ఉంది. ఇప్పటికీ చాలా ఇళ్ళలో డ్రిప్పింగే రుచి అంటారు. గ్రేవీ కూడా మాంసం రసంతోనే చేస్తారు. అందరూ మర్చిపోయేది ఇంకోటి, రోస్ట్ పొటేటోలు. ఆలుగడ్డే కదా అని వేసుకుంటాం, వాటిని కాల్చింది బాతు కొవ్వులో అయ్యుంటుంది.

ఇక మీ టీం లీడ్ అడిగిన రెండో పుడ్డింగ్ అంటే భోజనం చివర తినే తీపి, అంతే. ఐస్‌క్రీం పెట్టినా పుడ్డింగే, యాపిల్ పై పెట్టినా పుడ్డింగే.

మాంచెస్టర్ నుంచి:

అక్క చెప్పినదానికి తోడు ఒక మాట. సూయెట్ అనే పదం గుర్తుపెట్టుకోండి. పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. క్రిస్మస్ పుడ్డింగ్‌లో, స్పాటెడ్ డిక్‌లో సంప్రదాయంగా అదే వేస్తారు, పైకి చూస్తే కిస్‌మిస్‌లతో నిండిన స్వీటే. క్రిస్మస్ పుడ్డింగ్‌లో బ్రాందీ కూడా ఉంటుంది. స్టేక్ అండ్ కిడ్నీ పుడ్డింగ్‌లో మాంసం ఉందని పేరులోనే ఉంది కాబట్టి దాంతో బాధ లేదు.

ప్యాకెట్ల మీద 14 రకాల అలర్జీ పదార్థాలను కొట్టొచ్చినట్టు అచ్చువెయ్యాలని ఇక్కడ చట్టం. ఆ ముద్దక్షరాలు మాత్రమే చూసి బుట్టలో వేసుకునేవాణ్ణి. గొడ్డు కొవ్వు ఆ 14లో లేదు! గోధుమ, గుడ్డు, పాలు ముద్దగా ఉంటాయి, సూయెట్ మామూలు అక్షరాల్లో నక్కి ఉంటుంది. వెజిటబుల్ సూయెట్ అని రాసుంటే సరే. లేదా శాకాహారులకు తగినది అని ప్యాకెట్ మీద ఉందేమో చూడండి.

అన్నట్టు, నేను ఇక్కడికి రాకముందు న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. అక్కడ పుడ్డింగ్ అంటే పాలు, పంచదార, కార్న్‌స్టార్చ్‌తో చేసిన మెత్తటి చల్లటి కప్పు స్వీటు. ఆ ధీమాతోనే ఇక్కడ మొదటి ఏడాది ఏమేం తిన్నానో ఇప్పుడు తల్చుకోను.

గ్లాస్గో నుంచి ఒక బాబాయ్:

మా వైపు వస్తే వైట్ పుడ్డింగ్ అని ఉంటుంది. తెల్లది కదా అని మోసపోకు. రక్తం ఉండదు, కొవ్వు ఉంటుంది. హాగిస్ కూడా ఆ కుటుంబమే. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి పొట్టసంచిలో ఉడకబెడతారు. స్కాట్లాండ్ మహాకవి రాబర్ట్ బర్న్స్ 1786లో దాన్ని పుడ్డింగ్ జాతికి పెద్దదొర అని పొగిడాడు. ఆయన పుట్టినరోజు, జనవరి 25న ఆ పద్యం చదివి మరీ హాగిస్‌లో కత్తి దింపుతారు. వెజిటేరియన్ హాగిస్ సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, పప్పులూ ఓట్సూ వేసి చేస్తారు. నాకు నచ్చింది.

లీడ్స్ తమ్ముడు:

అందరికీ ధన్యవాదాలు. అయితే ఆవిడకి ఏం చెప్పమంటారు? రైస్ పుడ్డింగ్ అడగనా?

బ్రాడ్‌ఫర్డ్ అక్క:

అడుగు. బియ్యం, పాలు, పంచదార. యాలకులు లేని పరమాన్నం అనుకో, పైన గోధుమరంగు మీగడ కట్టి ఉంటుంది. స్టికీ టాఫీ పుడ్డింగ్ అయినా ఫరవాలేదు, ఖర్జూరాలు, వెన్న, గుడ్లు ఉంటాయి. మొహమాటపడకుండా ఈ రోజే మెసేజ్ పెట్టు. "నేను వెజిటేరియన్, గుడ్డు తింటాను, నా వాటికి కొవ్వు బదులు నూనె వాడగలరా" అను. వంట మొదలయ్యాక చెప్తే ఆవిడకే ఇబ్బంది.

లీడ్స్ తమ్ముడు:

పెట్టానక్కా. వెంటనే జవాబిచ్చారు. నా వాటికి వేరే ట్రేలో నూనె పోస్తారట, ఆలుగడ్డలకి కూడా. ఉల్లిపాయ గ్రేవీ విడిగా చేస్తారట. పుడ్డింగ్‌కి మాత్రం ట్రైఫిల్ అప్పుడే మొదలుపెట్టేశారట.

బ్రాడ్‌ఫర్డ్ అక్క:

అయ్యో. ట్రైఫిల్ అంటే కేకు, పళ్ళు, కస్టర్డ్, క్రీం పొరలుగా వేసేది. అడుగున చాలామంది జెల్లీ వేస్తారు, జెల్లీ అంటే జెలటిన్, పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. కేకు మీద షెర్రీ అనే వైన్ కూడా పోస్తారు. ఇంకో మెసేజ్ పెట్టు నాయనా.