చెస్ట్ సీటీలో రెండో నాడ్యూల్ (ఊపిరితిత్తుల్లో కనిపించే చిన్న గడ్డ) తప్పిపోకుండా మీరెలా చూస్తారు?

రేడియాలజీ పీజీ చేస్తున్నాను. కంటికి బాగా స్పష్టంగా కనిపించేది చూపు మధ్యలోని సుమారు రెండు డిగ్రీల మేరే. అది చదివాక చెస్ట్ సీటీ తెరిస్తే టెన్షన్‌గా ఉంటోంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ పెడితే 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది గమనించలేదు. వాళ్లలో చాలామంది చూపు నేరుగా దానిమీదే పడింది కూడా! కాబట్టి మంచి మానిటర్ కొంటే తీరే సమస్య కాదిది.

నా అసలు ప్రశ్న: ఒక నాడ్యూల్ దొరకగానే మిగతా వెతుకులాట నీరుగారిపోతుంది కదా, దానికి మీరేం చేస్తారు? చెక్‌లిస్ట్ అయితే నాలుగు రోజులకే యాంత్రికంగా మారిపోతుంది. ఒక్కో అవయవానికి విండో (చిత్రం వెలుగు, కాంట్రాస్ట్ సెట్టింగ్) మార్చి మళ్లీ మొదటినుంచి స్క్రోల్ చేయడం మేలా, రిపోర్ట్ రాశాక ఇంకోసారి చూడటం మేలా? అనుభవమున్నవాళ్లు చెప్పగలరా?