పంపు మారే రెండు సెకన్లు: ల్యూబ్ ఆయిల్ మోడల్‌కూ యంత్రానికీ పొంతన కుదరడం లేదు

ప్రశ్న:
నమస్కారం. ఆవిరి టర్బైన్‌తో నడిచే ఒక కంప్రెసర్ ల్యూబ్ ఆయిల్ వ్యవస్థకు మోడల్ తయారు చేశాను. ప్రధాన పంపు ఆగి, స్టాండ్‌బై పంపు అందుకునేలోగా ఒత్తిడి ఎంత పడుతుందో తెలుసుకోవడం దాని ఉద్దేశం. బేరింగ్‌లకు వెళ్లే ప్రవాహం నిమిషానికి 300 లీటర్లు. పంపుల తరువాత 50 లీటర్ల బ్లాడర్ అక్యుములేటర్ (రబ్బరు సంచిలోని వాయువు ఒత్తిడితో ఆయిల్‌ను నిల్వ ఉంచే పాత్ర) ఉంది. అందులో నైట్రోజన్ 5.5 బార్ల వద్ద నింపి ఉంది. అక్కడ మామూలుగా 8 బార్లు ఉంటుంది, 7 వద్ద స్టాండ్‌బై పంపుకు ఆదేశం వెళుతుంది, 6కు దిగితే యంత్రం ట్రిప్ అవుతుంది, అంటే రక్షణ కోసం దానంతటదే ఆగిపోతుంది. ఇవన్నీ పరమ ఒత్తిడులే (శూన్యం నుంచి కొలిచినవి). స్టాండ్‌బై పంపు పూర్తి ప్రవాహం ఇవ్వడానికి 2 సెకన్లు పడుతుంది. మోడల్‌లో ట్రిప్ రావడం లేదు, పరీక్షలో వస్తోంది. స్పిల్ వాల్వ్ (అదనపు ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే వాల్వ్) కంట్రోలర్ ట్యూనింగ్ ఎంత మార్చినా ఫలితం లేదు. ట్రిప్‌కు టైమర్ పెట్టి ఆలస్యం చేయమని కొందరు అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం 1:
నైట్రోజన్ వ్యాకోచాన్ని మీరు సమోష్ణోగ్రతా ప్రక్రియగా (ఉష్ణోగ్రత మారనిదిగా) తీసుకున్నారేమో చూడండి. నింపిన తరువాత వాయువు చల్లబడడానికి వ్యవధి ఉంటుంది కాబట్టి 8 బార్ల వద్ద అది 34.4 లీటర్లు ఆక్రమిస్తుందన్న లెక్క సరైనదే; కానీ రెండు సెకన్లలో వ్యాకోచించేటప్పుడు దానికి బయటి నుంచి వేడి అందదు గనుక, స్థిరోష్ణక ప్రక్రియగా, 1.4 ఘాతాంకంతో లెక్కించాలి. అప్పుడు 6 బార్లకు దిగేలోగా వచ్చే ఆయిల్ 11.5 లీటర్లు కాదు, 7.8 లీటర్లే. సెకనుకు 5 లీటర్ల చొప్పున అది 1.6 సెకన్లకే సరిపోతుంది.

ట్యూనింగ్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. పంపు ఆగాక స్పిల్ వాల్వ్ చేయగలిగిందల్లా పూర్తిగా మూసుకోవడమే. ఆయిల్ సంపీడ్యతను నమ్ముకోవడానికీ లేదు: బల్క్ మాడ్యులస్ (ద్రవం నొక్కుడును ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత) సుమారు 15,000 బార్లు కాబట్టి, పైపుల్లో 200 లీటర్లున్నా 2 బార్ల తగ్గుదలకు అందులోంచి వచ్చేది 27 మిల్లీలీటర్లే.

సమాధానం 2:
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే ఆ 2 సెకన్లను ఏ క్షణం నుంచి లెక్కించారన్నది అంతకంటే ముఖ్యం. ఒత్తిడి 7 బార్లకు పడ్డాకే ఆదేశం వెళుతున్నట్లయితే, అప్పటికే 3.4 లీటర్లు ఖర్చయిపోయి 4.4 లీటర్లే మిగులుతాయి, అంటే 0.9 సెకను. రెండో అక్యుములేటర్ పెట్టినా అది 1.8 సెకన్లే అవుతుంది. అందువల్ల ప్రధాన పంపు మోటార్ బ్రేకర్ (దానికి విద్యుత్ ఇచ్చే స్విచ్) సహాయక కాంటాక్ట్ నుంచే స్టాండ్‌బై పంపును నేరుగా ప్రారంభించి, దానితోపాటు రెండో అక్యుములేటర్‌ను కలపండి. అప్పుడు సుమారు 3.1 సెకన్లు దొరుకుతాయి. కప్లింగ్ (మోటార్‌ను పంపుకు కలిపే భాగం) తెగితే బ్రేకర్‌కు తెలియదు కాబట్టి ఒత్తిడి స్విచ్‌ను మాత్రం తీసివేయకూడదు.

సమాధానం 3:
టైమర్ ఆలోచనను దయచేసి విరమించుకోండి. ఆ వ్యవధిలో షాఫ్ట్ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్ పొర తెగితే బాబిట్ (బేరింగ్ లోపలి మెత్తని లోహపు పూత) కరిగి షాఫ్ట్‌కు అంటుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. పొరపాటు సంకేతాలే భయమైతే మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, వాటిలో రెండు ఏకీభవిస్తేనే ట్రిప్ చేయండి.

స్పిల్ వాల్వ్ కంట్రోలర్‌లో ఇంటిగ్రల్ (కాలక్రమంలో కూడుతూ పోయే ఒత్తిడి తేడా) పేరుకుపోకుండా కూడా చూడండి. లేకపోతే కొత్త పంపు ప్రవాహం వచ్చేసరికి వాల్వ్ మూసుకునే ఉండి, ఒత్తిడి ఎగబాకి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. మార్పుల తరువాత పరీక్షను ఆయిల్ నడిచే ఉష్ణోగ్రతకు చేరాకే చేయండి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి బేరింగ్‌ల గుండా తక్కువగా పారుతుంది కాబట్టి అక్యుములేటర్ ఎక్కువ సేపు నిలిచినట్లు కనిపిస్తుంది.