ప్రొపెల్లర్‌ని చేప తోక ఓడించగలదా?

నీటితోక: నీళ్లలో ఇక ప్రొపెల్లర్ దేనికి? అమెరికాలోని ఎంఐటీ వర్సిటీ వాళ్లు 1998లో అచ్చువేసిన ప్రయోగంలో, చేప తోకలా ఊగే రెక్క సామర్థ్యం (దానికిచ్చిన శక్తిలో ముందుకు తోయడానికి పనికొచ్చిన వంతు) 87 శాతం దాకా వచ్చింది.

షాఫ్టుమేస్త్రి: తమ్ముడూ, ఆ 87 ఒక్క రెక్క లెక్క. మోటారు, గేర్లు, తిరుగుడును ఊపుగా మార్చే లింకులు తినేసేది అందులో లేదు. బ్యాటరీ దగ్గర నుంచి కొలిచి చెప్పు.

నీటితోక: ప్రొపెల్లర్ సామర్థ్యం చెప్పేటప్పుడు మోటారును కలుపుతారా సార్? సెకనుకు ఎన్నిసార్లు ఊపింది, ఎంత వెడల్పు ఊపింది, ఈ రెండూ గుణించి వేగంతో భాగిస్తే చేపలకీ డాల్ఫిన్లకీ దాదాపు 0.2 నుంచి 0.4 మధ్యే వస్తుంది. ఊగే రెక్క బాగా పనిచేసేదీ ఆ మధ్యే. ప్రకృతి ఊరికే అక్కడ ఆగిందా?

షాఫ్టుమేస్త్రి: చేప ఒంట్లో గుండ్రంగా తిరిగే షాఫ్టు లేదు కాబట్టి తోక ఊపుతోంది. అదే మేలని ఎక్కడుంది? 87 సంగతి తేల్చు.

తెడ్డు: హోబీ కంపెనీ కయాక్‌లలో (సన్నటి చిన్న పడవల్లో) 1997 నుంచీ పెడల్ తొక్కితే కింద రెక్కలే ఊగుతున్నాయి కదా.

షాఫ్టుమేస్త్రి: అది కాళ్లతో తొక్కేది. బ్యాటరీ లెక్క అడిగాను.

నీటితోక: 87ను వదలరా? ఫైనలియర్‌లో మూడు రాత్రులు మేలుకుని సిలికాన్ తోక పోతపోశాం. వైవాలో ‘ఇది బొమ్మ’ అని మార్కులు కోశారు. మీరూ ఆ ధోరణే.

షాఫ్టుమేస్త్రి: మార్కులు కోసింది నేను కాదు. నడిసముద్రంలో ప్రొపెల్లర్‌కి వల చుట్టుకుంటే కత్తి పట్టుకుని దూకినవాణ్ణి. నైలాన్ దారం వేడికి కరిగి షాఫ్టుకు గట్టిగా అతుక్కుపోయింది. గంటన్నర కోశాను. అయినా సాయంత్రానికి బోటు జెట్టీకి చేరింది. నీ తోకలో నీళ్లు చొరకుండా వేసిన సీలు కారితే అక్కడ నేనేం చెయ్యాలి?

అలలు: వల చుట్టుకుంది ప్రొపెల్లర్‌కే కదండీ.

నీటితోక: నేను బోటు గురించి అనలేదు సార్. పగడపు దిబ్బల్లో చేపలు బెదరకుండా దగ్గర నుంచి చూడాలని నా తపన. ఎంఐటీ వాళ్ల సోఫీ అనే మెత్తటి రోబో చేప ఫిజీలో ఒక్కో విడతకు 40 నిమిషాల దాకా ఈదింది, 2018లో ఆ వివరాలు వచ్చాయి.

షాఫ్టుమేస్త్రి: ఆ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. నువ్వు ‘ఇక ప్రొపెల్లర్ దేనికి’ అన్నావు, నాకు మా బోటు కనపడింది. నాకు సామర్థ్యం తర్వాత, ముందు చెడితే నా చేత్తో బాగయ్యేదై ఉండాలి. ఇంతకీ సీలు ఎలా వేశావు?

నీటితోక: ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) వేసి గ్రీజు నింపాం. రెండో రోజే నీళ్లొచ్చాయి.

షాఫ్టుమేస్త్రి: ఆ రింగు కూర్చునే గాడి కొలతలు పెట్టు. చూస్తాను.