కేటలాగింగ్ చేసేవారికి శిక్షణ, పరిచయాలు ఎలా?

ప్రశ్న (కడప): ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో ఏడేళ్లుగా వర్గీకరణ, కేటలాగింగ్ (పుస్తకాల వివరాల నమోదు) చూస్తున్నాను. పాఠకులతో మాట్లాడేవారినే శిక్షణకు పంపుతున్నారు. వెనుక గదిలో కూర్చుని పుస్తకం వెన్నుకు 894.827 (డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యపు సంఖ్య) అని చీటీ అంటించే నాబోటి వారిని ఎవరూ తలవరు. సాటి వృత్తివారితో పరిచయాలు పెంచుకునేదెలా?

జవాబు (అనంతపురం): మేడం, 1999లో న్యూజిలాండ్‌లో రూపకల్పన మొదలైన కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేరును సొంత కంప్యూటర్లో పెట్టుకుని సాధన చేయండి. దాన్ని వాడేవారిని సందేహాలు అడుగుతూ పోతే పరిచయాలు వాటంతటవే ఏర్పడతాయి.

జవాబు (కర్నూలు): పై సలహా సగమే సరైనది. సాఫ్ట్‌వేరు మారవచ్చు గానీ, శీర్షికను మార్క్ (కంప్యూటర్ కేటలాగు రికార్డుల నమూనా) 245వ గడిలో రోమన్ లిపిలోనూ, 880వ గడిలో తెలుగు లిపిలోనూ పొందికగా నమోదు చేయగలిగిన నేర్పు ఎక్కడైనా అక్కరకొస్తుంది. మా దగ్గర ఒకే రచయిత ఇంటిపేరు ఒక రికార్డులో పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా, ఇంకొకదానిలో పేరు చివర ఉండేది (మూడూ నా చేతిరాతే!). నెలకు ఇరవై రికార్డులు ఇచ్చిపుచ్చుకుని పరస్పరం తప్పులు దిద్దుకుందామా?

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా సర్. ఆగస్టు 12న, భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి జయంతినాడు, కడపలో సి.పి. బ్రౌన్ కేంద్రం దగ్గర కలుద్దాం; మొదటి ఇరవై నేనే తెస్తాను.