ఆక్టేవియా ఆర్ఎస్ 230: రీమ్యాప్ తర్వాత రెండో గేర్‌లో చక్రాలు జారుతున్నాయి, పైన లాగడం లేదు

మూడోగేర్:
కారు 2017 ఆక్టేవియా ఆర్ఎస్ 230, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). హైదరాబాద్‌లో స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మాత్రమే మార్చడం) అయి నెల దాటింది. హార్డ్‌వేర్ అంతా స్టాకే, పెట్రోలు ఎక్స్‌పీ95. రెండో గేర్‌లో 2200 నుంచి 3000 ఆర్‌పీఎమ్ మధ్య టార్క్ ఒక్కసారిగా మీద పడుతోంది. ముందు చక్రాలు జారి, స్టీరింగ్ పక్కకు గుంజుతోంది, ట్రాక్షన్ లైటు వెలిగి ఆరుతోంది. 5000 దాటాక ఆ ఊపు ఉండట్లేదు. మధ్యాహ్నం ఎండలో ఫుల్ త్రాటిల్ తొక్కితే చిన్న తడబాటు కూడా. పెడల్ మ్యాప్ మార్పిస్తే చాలా, లేక ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రమే జారిపోకుండా రెండింటికీ టార్క్ పంచే డిఫరెన్షియల్) వేయించాలా?

టార్క్‌టేబుల్:
ఎల్‌ఎస్‌డీ జోలికి ఇప్పుడే పోకండి అన్నా. లోపం మ్యాప్‌లో ఉంది. ముందు ఒక లెక్క చూడండి: టార్క్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. స్టాక్‌లో 350 ఎన్ఎమ్ 4600 దాకా నిలబడుతుంది, అంటే 169 కిలోవాట్లు, దాదాపు 230 పీఎస్. కంపెనీ చెప్పే అంకె అదే. ఇప్పుడు 2500 దగ్గర 420 ఎన్ఎమ్ ఇచ్చారనుకోండి, అక్కడ వచ్చేది 150 పీఎస్ మాత్రమే. అదే 5000 దగ్గర 380 ఎన్ఎమ్ నిలబెడితే 270 పీఎస్. కింద దంచి పైన వదిలేసే మ్యాప్‌తో టెస్ట్ డ్రైవ్‌లో వీపు సీటుకి అతుక్కుంటుంది, కానీ కారు వేగం పెరిగేది తక్కువే.

ట్యూనర్‌ని గేర్‌వారీ టార్క్ లిమిట్లు పెట్టమని అడగండి. మొదటి గేర్‌లో 280, రెండో గేర్‌లో 330, మూడు నుంచి పైకి 400 దగ్గర మొదలుపెట్టొచ్చు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కూడా 2000 దగ్గరే పూర్తిగా రాకుండా 3000 దాకా ఏటవాలుగా ఎక్కాలి. దీనికి ఇంకో కారణం ఉంది, ట్రాక్షన్ కంటే ముఖ్యమైనది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎక్కువ లోడ్ వేస్తే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో పిస్టన్ రింగుల గట్లు విరిగేది ఎక్కువగా దీనివల్లే. ఆయిల్ వీడబ్ల్యూ (ఫోక్స్‌వాగన్) 502 లేదా 504 అప్రూవల్ ఉన్నదే పోయించండి. ఆరో గేర్‌లో 1500 దగ్గర ఫుల్ పెడల్ అసలు వద్దు.

పెడల్ మ్యాప్ సంగతి: అది మీ పాదానికీ టార్క్ రిక్వెస్ట్‌కీ మధ్య ఉండే పట్టిక, అంతే. సగం పెడల్‌కే 80 శాతం అడిగేలా పెట్టి ఉంటే దాన్ని నిదానం చేయించండి, ట్రాఫిక్‌లో హాయిగా ఉంటుంది. ఫుల్ పెడల్ దగ్గర మాత్రం దానివల్ల ఏమీ మారదు.

లాగ్‌చూపించు:
పైన చెప్పింది సరే, కానీ తడబాటు విషయం తేలకుండా మ్యాప్ ముట్టుకోవద్దు. వీసీడీఎస్ లేదా ఓబీడీ లెవెన్ లాంటి స్కాన్ టూల్‌తో లాగ్ (ఇంజిన్ రీడింగుల రికార్డు) తీయండి. ఖాళీ రోడ్డు, ఇంకా మంచిది డైనో (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం). మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్, 2000 నుంచి 6500 దాకా ఫుల్ త్రాటిల్. కావాల్సినవి: అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలే తలుపు) పొజిషన్, నాలుగు సిలిండర్ల టైమింగ్ కరెక్షన్ (స్పార్క్‌ని ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో), లామ్డా (గాలి, పెట్రోలు పాళ్లు), రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే పెట్రోలు ఒత్తిడి), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత. రెండు రన్నుల మధ్య ఐదు నిమిషాలు మామూలుగా నడిపి ఇంటర్‌కూలర్‌ని (టర్బో గాలిని చల్లబరిచేది) చల్లారనివ్వండి.

మూడోగేర్:
తీశాను. బయట 38 డిగ్రీలు. 3000 దగ్గర అడిగింది బయటి గాలితో కలిపి 2.3 బార్, వచ్చింది 2.3. 5500 దగ్గర అడిగింది 2.0, వచ్చింది 1.75, వేస్ట్‌గేట్ పూర్తిగా మూసే ఉంది. టైమింగ్ మూడో సిలిండర్‌లో మైనస్ 6 డిగ్రీలు, మిగతావాటిలో మైనస్ 2 లోపే. ఇన్‌టేక్ గాలి 52 నుంచి 69కి ఎక్కింది. లామ్డా, రైల్ ప్రెషర్ అడిగినట్టే ఉన్నాయి.

లాగ్‌చూపించు:
ఇది చాలు. వేస్ట్‌గేట్ మూసి ఉన్నా 0.25 బార్ తగ్గిందంటే టర్బో చేయగలిగిందంతా చేస్తోంది, గాలి ఎక్కడో పోతూ ఉండొచ్చు. స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీక్ వెతకడం) చేయించండి. ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు, టర్బో మీద ఉండే డైవర్టర్ వాల్వ్ (పెడల్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వదిలేది) ముందు చూడాలి. లీక్ లేకపోతే మీ కారులోని ఐఎస్20 టర్బో పరిమితి అదే, 5500 దగ్గర అడిగేదాన్ని 1.8కి దించించండి. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది, బయటి గాలే 0.95 బార్. విశాఖలో వచ్చే 2.3 బార్‌నే ఇక్కడ ఇవ్వాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది.

నాలుగు సిలిండర్లలోనూ టైమింగ్ సమానంగా వెనక్కి లాగితే పెట్రోలునో వేడినో అనుమానించాలి. ఒక్క మూడోదే లాగుతోంది కాబట్టి ఆ ప్లగ్ విప్పి చూడండి. పింగాణీ మీద నల్లటి చుక్కలు, మెరిసే సన్న రేణువులు కనిపిస్తే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) నిజంగానే జరుగుతోంది, మ్యాప్ వెంటనే స్టాక్‌కి మార్చండి. శుభ్రంగా ఉంటే నాలుగు ప్లగ్‌లూ ఒక మెట్టు చల్లటి రకం వేసి, గ్యాప్ 0.7 ఎంఎం పెట్టండి. బూస్ట్ పెరిగితే స్పార్క్ దూకడం కష్టమవుతుంది, గ్యాప్ ఎక్కువున్నచోట ఆరిపోతుంది. మీ తడబాటు చాలావరకు అదే. తర్వాత మళ్లీ లాగ్ తీయండి.

డీఎస్‌జీమనిషి:
గేర్‌బాక్స్‌ని ఎవరూ అడగలేదు. మీ డీఎస్‌జీ, అంటే డీక్యూ250, రేటింగే 350 ఎన్ఎమ్. కొందరు ట్యూనర్లు లిమిట్లు దాటడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కగట్టే టార్క్‌నే తక్కువ చేసి చూపిస్తారు. ఇంజిన్ 420 ఇస్తుంటే గేర్‌బాక్స్‌కి 350 అని చేరుతుంది, అది క్లచ్‌ని ఆ మేరకే నొక్కుతుంది. నాలుగో గేర్‌లో 2500 నుంచి ఫుల్ తొక్కినప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు ఎగిరి, స్పీడు వెనకబడితే క్లచ్ జారుతున్నట్టే. టీసీయూ (గేర్‌బాక్స్ కంప్యూటర్) మ్యాప్ కూడా జతగా ఉండాల్సిందే. 60,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ తప్పించొద్దు. బయల్దేరేటప్పుడు ముందు భాగం దడదడమని ఎగిరితే ఇంజిన్ కింది టార్క్ మౌంట్‌కి గట్టి ఇన్సర్ట్ వేయండి, చిన్న ఖర్చు.

బెల్ట్‌బూస్ట్:
సూపర్‌చార్జ్‌డ్ ఆడి 3.0 టీఎఫ్ఎస్ఐ ఉన్నవాళ్లకి ఒక మాట, ఇదే సలహా అక్కడ పనిచేయదు. ఆ బ్లోయర్ (సూపర్‌చార్జర్) బెల్టుతో క్రాంక్‌కే కట్టి ఉంటుంది, చిన్న పుల్లీ వేస్తే మొత్తం ఆర్‌పీఎమ్ అంతటా బూస్ట్ పెరుగుతుంది. ఉదాహరణకి క్రాంక్ పుల్లీ 150, బ్లోయర్ పుల్లీ 60 ఎంఎం అయితే 7000 దగ్గర రోటర్లు 17,500 తిరుగుతాయి. 55 వేస్తే 19,000 పైమాటే. కింది టార్క్ తగ్గించాలంటే బైపాస్ ఫ్లాప్‌ని (బూస్ట్‌ని పక్కకు వదిలే తలుపు) మ్యాప్‌లో కొంచెం తెరిచి ఉంచాలి. పుల్లీ చిన్నదయ్యేకొద్దీ బెల్ట్ పట్టు తగ్గుతుంది. 6000 పైన బూస్ట్ పడిపోయి, కవర్ లోపల నల్లటి రబ్బరు పొడి కనిపిస్తే బెల్ట్ జారుతోంది. లోపలి కూలర్లకి నీళ్లు తిప్పే పంపు ఆగిపోతే ఒక్క రన్నులోనే వేడి ఎక్కి టైమింగ్ పడిపోతుంది, పవర్ తగ్గిందంటే మొదట ఆ పంపునే చూడండి.

మూడోగేర్:
మూడో ప్లగ్ శుభ్రంగానే ఉంది, గ్యాప్ మాత్రం 0.95 ఉంది. డైవర్టర్ వాల్వ్ దగ్గర పొగ సన్నగా వచ్చింది. రెండూ మార్చి మళ్లీ లాగ్ పెడతాను, గేర్‌వారీ లిమిట్లు దాని తర్వాతే.